కలుస్తారని తెలిసినా ఎందుకు చదువుతానంటే

మీరు అడిగినవి రెండు సంగతులు. చివరికి హీరో హీరోయిన్ కలుస్తారని మొదటి పేజీలోనే తెలిసిపోయే నవలని పనిగట్టుకుని ఎందుకు చదవాలి అన్నది ఒకటి. నలభై దగ్గరపడుతున్న మీ అక్కయ్య ఇప్పటికీ అవే చదువుతోంది, ఆవిడని మంచి సాహిత్యం వైపు మళ్లించడం ఎలా అన్నది రెండోది. రెండోదానికి జవాబు చిన్నదే, మళ్లించకండి. మొదటిదానికి మాత్రం కాస్త ఓపిగ్గా చదవాల్సి ఉంటుంది, నేనూ మీ అక్కయ్య బాపతే కాబట్టి చెప్పాల్సింది చాలా ఉంది.

ముగింపు ముందే తెలియడం అనేది ఈ రకం నవలకి పాఠకులు పెట్టిన షరతు. అమెరికాలో రొమాన్స్ రచయితల సంఘం ఒకటుంది, రొమాన్స్ నవల అనడానికి వాళ్లు రెండే గుర్తులు చెప్తారు: కథకి ప్రేమే ఆయువుపట్టు కావాలి, ముగింపు మనసుకి తృప్తిగా, ఆశ కలిగేలా ఉండాలి. మధ్యలో ఏం చేసుకున్నా రచయిత ఇష్టం. శ్రీరామనవమి రోజు భద్రాచలం కల్యాణం టీవీలో పెట్టుకుని కూర్చున్నవాళ్లెవరూ "సీతని ఎవరు చేసుకుంటారో తెలుసు కదా, ఇంక చూడ్డం దేనికి" అనరు. ఇదీ అంతే. ఏమవుతుందో అన్న టెన్షన్ లేదు కాబట్టి ఎలా అవుతుందో తీరిగ్గా చూడొచ్చు.

అందుకే ఏ ప్రేమ నవల పట్టుకున్నా నేను చూసేది ఒక్కటే, ఈ ఇద్దరినీ ఆపుతున్నది ఏమిటి? ఒక్క ఫోన్ చేసి మాట్లాడుకుంటే తీరిపోయే అపార్థం మీద రచయిత మూడు వందల పేజీలు లాగిస్తుంటే ఆ పుస్తకం పక్కన పడేస్తాను, మొహమాటం లేదు. కానీ ఆపుతున్నది డబ్బు అనుకోండి, కులమో ఉద్యోగమో అనుకోండి, ఇంట్లో తల్లి పెత్తనమో, పోయిన మనిషి మీద తీరని దుఃఖమో, పాత సంబంధం మిగిల్చిన భయమో అనుకోండి, అప్పుడు ఆ కథలో ఆ కాలపు ఆడవాళ్ల బతుకంతా వచ్చి కూర్చుంటుంది. హీరో ఆరడుగుల అందగాడా, కారేమిటి అనేవి పైపై హంగులు. (హంగులు వద్దని అనడం లేదు, నాకూ ఇష్టమే.)

యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' తీసుకోండి. అందరూ హీరో రాజశేఖరం గురించే మాట్లాడతారు, ఆ ఠీవీ, ఆ కారూ. మా అమ్మ మాత్రం ఎప్పుడూ జయంతి గురించే చెప్పేది. అమ్మ పెళ్లికి ముందు టైపు లోయరూ హయ్యరూ రెండూ పాసయింది, తాతయ్య మాత్రం ఉద్యోగానికి పంపలేదు, "మన ఇంటా వంటా లేదు" అన్నారట. అలాంటి అమ్మాయికి, జీతం తెచ్చుకుంటూ, యజమాని ఎంత డబ్బున్నవాడైనా తన మాట తను చెప్పగలిగే హీరోయిన్ దొరికితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. "హీరో దొరకడం సరేలేవే, ఆ పిల్లకి ఉద్యోగం ఉంది" అనేది. ఆ కథలో ఇద్దరి మధ్యా అడ్డం నిలబడేది ఆత్మాభిమానం. డబ్బున్నవాడి దయతో బాగుపడిందని నలుగురూ అనుకుంటారేమోనన్న బెంగ లేని మధ్యతరగతి అమ్మాయి ఆ రోజుల్లో ఎవరుంటారు? 1960లలో పత్రికలో సీరియల్‌గా వచ్చి, 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా అయ్యాక కూడా ఆ నవల అచ్చవుతూనే ఉందంటే కారు ఒక్కటే కారణం అయి ఉండదు.

ఆ కాలంలో ఆడవాళ్ల నవలలకి ఎంత గిరాకీ ఉండేదంటే, మగ రచయితలు కొందరు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. యద్దనపూడివే 'మీనా', 'జీవన తరంగాలు' రెండూ 1973లోనే సినిమాలుగా వచ్చాయి. అంతకుముందే కోడూరి కౌసల్యాదేవి 'ప్రేమనగర్' తెర మీద ఎంత ఆడిందో మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి.

మా ఇంట్లో ఈ పుస్తకాలు చాలావరకు పుస్తకాలే కాదు. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు జాగ్రత్తగా చింపి, వరసగా పేర్చి, దారంతో కుట్టించి అట్ట వేయించిన బైండులు. పేజీ తిప్పితే కథ సగం, జుట్టు నూనె ప్రకటన సగం. ప్రతి భాగం చివరా "ఇంకా ఉంది" అని ఉండేది, ఆ పక్కనే ఎవరో పెన్నుతో "అయ్యో" అని రాసి ఉండేవారు. ఒక బైండులో మధ్యన ఒక వారం పేజీలు లేవు, ఆ సంచిక పక్కింటివాళ్లు తీసుకెళ్లి మళ్లీ ఇవ్వలేదట. దాంతో ఒక పేజీలో హీరో కోపంగా తలుపు విసిరికొట్టి వెళ్లిపోతాడు, తర్వాతి పేజీలో రైల్లో ఎదురుగా కూర్చుని క్షమించమంటుంటాడు. ఆ మధ్యలో ఏం జరిగి ఉంటుందో వేసవి సెలవులంతా నేనూ మా పిన్ని కూతురూ రకరకాలుగా అల్లుకునేవాళ్లం. అసలు కథ ఏమిటో ఇప్పటికీ చూడలేదు, చూడాలని కూడా లేదు.

తర్వాత హాస్టల్ రోజులు, ఇంగ్లీషు ప్రేమ నవలలు, మిల్స్ అండ్ బూన్‌లు. ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద గుట్టలుగా పోసి అమ్మేవాళ్లు, అట్ట మీద బొమ్మ కనబడకుండా న్యూస్‌పేపర్ అట్ట వేసుకుని చదివేవాళ్లం. ఆ కంపెనీ 1908లో లండన్‌లో మొదలైనప్పుడు అన్ని రకాల పుస్తకాలూ వేసేదని, 1930ల నుంచే రొమాన్స్ మీద పడిందని చాలా తర్వాత తెలిసింది. వాటిలో గుర్తుండిపోయినవి తక్కువే, నిజం చెప్పాలంటే పేర్లు కూడా గుర్తులేవు. అయినా నా ఇంగ్లీషు కుదురుకున్నది వాటివల్లే.

ఇప్పటి నవలలకి వద్దాం, ఎందుకంటే మీకు అనుమానం వాటి మీదే అనిపించింది. ఈ మధ్య కాలంలో నాకు బాగా నచ్చినది బెత్ ఓలియరీ రాసిన 'ది ఫ్లాట్‌షేర్' (2019). లండన్‌లో అద్దెలు భరించలేని అమ్మాయి టిఫీ, రాత్రి డ్యూటీలు చేసే నర్సు లియాన్ ఒకే ఫ్లాట్ పంచుకుంటారు, మంచం కూడా ఒక్కటే. అతను పగలు పడుకుంటాడు, ఈమె రాత్రి. ఒకరి మొహం ఒకరికి తెలీదు. ఇంటి పనుల గురించి, వంట గురించి అంటించుకునే చిన్న చిన్న చీటీలతో పరిచయం మొదలవుతుంది, ఇద్దరూ ఎదురుపడేసరికే కథ చాలా దూరం నడిచేస్తుంది. ఒక అధ్యాయం ఆమె చెప్తుంది, ఒకటి అతను. ఆమె మాట వరద. అతనిది పొదుపు, "నేను" అన్న మాట కూడా మింగేసి టెలిగ్రాంలా మాట్లాడతాడు. పేరు చూడకపోయినా ఎవరు మాట్లాడుతున్నారో రెండో వాక్యానికి తెలిసిపోతుంది. ఇదంతా సరదాగా చదువుకుంటూ పోతుంటే మెల్లగా ఇంకో సంగతి బయటపడుతుంది. టిఫీని వదిలేసిన పాత బాయ్‌ఫ్రెండ్ ఆమెని ఎలా గుప్పిట్లో పెట్టుకున్నాడో, జరిగినవి జరగలేదని ఎలా నమ్మించాడో ఆమెకే కొంచెం కొంచెంగా గుర్తొస్తుంటుంది. ఎవరూ కొట్టలేదు, అయినా ఆమె ఎందుకు ఉలిక్కిపడుతుందో మనకి అర్థమవుతుంది. లియాన్‌కీ ఆమెకీ మధ్య అడ్డం అదే. ఇలాంటి మగవాడు మన చుట్టాల్లో ఒకడైనా ఉంటాడు, కానీ అతను చేసేదానికి పేరు పెట్టి చెప్పినవాళ్లు మాత్రం మా ఇళ్లలో లేరు. ఆ పుస్తకం చదివాక మా కజిన్ నాకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది, ఎక్కువగా తన గురించే.

అమెరికా రచయిత్రి ఎమిలీ హెన్రీది 'బీచ్ రీడ్' (2020) కూడా అలాంటిదే. పేరు చూసి సముద్రం ఒడ్డున ఊసుపోక చదివేది అనుకుంటాం. అందులో హీరోయిన్ ప్రేమకథలు రాసే రచయిత్రి, తండ్రి పోయాక ఆయనకి ఇంకో స్త్రీ ఉండేదని, ఆమెతో గడిపిన ఇల్లొకటి ఉందని తెలిసి, ప్రేమ మీదే నమ్మకం పోయి ఒక్క ముక్క రాయలేక కూర్చుంటుంది. నాన్న మీద కోపం తెచ్చుకుందామంటే నాన్న లేడు. పక్కింటి హీరో సంగతి సరే, నేను చదివింది ఆ కూతురి కోసం.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. రొమాన్స్‌లో జంట కలవాల్సిందే. ఇంగ్లీషులో ఉమెన్స్ ఫిక్షన్ అనే దాంట్లో ఆ పూచీ లేదు, అక్కడ కథ ఒక ఆడమనిషి బతుకు ఏ మలుపు తిరిగిందన్నది, ప్రేమ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఐర్లాండ్ రచయిత్రి మేరియన్ కీస్ 'రేచెల్స్ హాలిడే' (1997) చూడండి. రేచెల్ మాదకద్రవ్యాలకి అలవాటు పడింది, న్యూయార్క్ నుంచి డబ్లిన్ తీసుకొచ్చి చికిత్సకి చేర్పిస్తే, అక్కడ సినిమా స్టార్లు ఉంటారు, మసాజులు చేస్తారు అనుకుంటూ వెళ్తుంది. తనకేమీ జబ్బు లేదని మనతో ఒట్టేసి చెప్తుంటే మొదట్లో నమ్మేస్తాం, నవ్వుతాం కూడా. ఆ తర్వాత నవ్వలేం. దీన్ని "ఆడవాళ్ల కాలక్షేపం" అరలో పెట్టేసిన పుస్తకాల షాపువాళ్లకి ఏం చెప్పాలో నాకు తెలీదు.

తిట్టాల్సినవి లేవా అంటే బోలెడు. ఇప్పుడు ఫోన్ యాప్‌లలో రోజుకో భాగం చొప్పున వచ్చే తెలుగు సీరియల్స్ కొన్ని చదువుతుంటాను. సగం కథల్లో హీరో పెద్ద కంపెనీకి సీఈఓ, హీరోయిన్‌తో కాంట్రాక్ట్ పెళ్లి, చెయ్యి పట్టి లాగితే అది ప్రేమ. లాగడాన్ని ప్రేమ అనడం పాత నవలల్లోనూ ఉంది, అప్పుడు చదివేసి ఊరుకున్నాను గానీ ఇప్పుడు ఊరుకోబుద్ధి కాదు, కింద కామెంట్ పెట్టేస్తాను. తమాషా ఏమిటంటే, నాకంటే ఘాటుగా ముందే ఇంకో పదిమంది పెట్టి ఉంటారు, "ఇతన్ని ఎందుకు క్షమించింది మేడమ్" అని. ఆ కామెంట్లు చదివి తర్వాతి భాగంలో హీరో చేత బుద్ధిగా సారీ చెప్పించిన రచయిత్రులూ ఉన్నారు. పత్రికల రోజుల్లో ఉత్తరం రాసి, జవాబు కోసం వారాల తరబడి చూడాల్సి వచ్చేది.

మీ అక్కయ్య సంగతికొస్తే, జానిస్ రాడ్‌వే అనే అమెరికన్ పరిశోధకురాలు ఒక ఊళ్లో రొమాన్స్ నవలలు తెగ చదివే ఆడవాళ్లతో మాట్లాడి 1984లో ఒక పుస్తకం రాసింది. కథల సంగతి అటుంచి, చదువుతూ కూర్చోవడమే ముఖ్యమని వాళ్లు చెప్పారట. పుస్తకం చేతిలో ఉన్నంతసేపూ భర్తకీ పిల్లలకీ తాము అందుబాటులో లేనట్టు. ఇది మా ఇంట్లో రోజూ చూస్తున్నదే. నేను ఫోన్ చూస్తుంటే "అమ్మా, నా సాక్సు ఎక్కడ" అని అడుగుతారు, పుస్తకం పట్టుకుంటే వాళ్లే వెతుక్కుంటారు. కాబట్టి ఆవిడ చదువుకునే టైములో మీరూ వెళ్లి పిలవకండి.

మీరే మొదలుపెట్టాలనుకుంటే మాత్రం 'సెక్రటరీ'తో వద్దు, అది చిన్నప్పుడే చదివినవాళ్లకి ఎక్కినంతగా ఇప్పుడు కొత్తగా చదివే మగవాళ్లకి ఎక్కదు, మా ఆయన మీద ప్రయోగం అయిపోయింది. 'మీనా' చదవండి, పట్నంలో తల్లి గీసిన గీత దాటకుండా పెరిగిన అమ్మాయి పల్లెకి వచ్చి తన ఇష్టాలేమిటో తెలుసుకుంటుంది, అందులో ఆ తల్లి పెత్తనం మీకు బాగా తెలిసిన ఎవరినో ఒకరిని గుర్తు చేస్తుంది. పెళ్లయ్యాక ప్రేమ ఎలా ఉంటుందో కావాలంటే రంగనాయకమ్మ 'స్వీట్ హోమ్', విమల, బుచ్చిబాబుల సంసారం. అది మాత్రం బస్సులో చదవకండి, పైకే నవ్వొచ్చేస్తుంది, పక్క సీటువాళ్లు ఏమిటని అడిగితే చెప్పడం కష్టం.