గ్యాస్ మాత్ర ఏడాదిగా వేసుకుంటున్నారు, మానేయొచ్చా?

మీ నాన్నగారు ఏడాదిగా రోజూ పాంటోప్రజోల్ 40 వేసుకుంటున్నా రాత్రిళ్లు గుండెల్లో మంట తగ్గట్లేదు, మానేయమనాలా అని అడిగారు కదండీ. మానడం తర్వాత, ముందు ఆయన ఎప్పుడు వేసుకుంటున్నారో కనుక్కోండి. గుంటూరులో మా అమ్మదీ ఇదే బాధ. అన్నం తిన్నాక మంట మొదలైతే అప్పుడు వేసుకునేది. కొత్తపేటలో చూపిస్తే డాక్టరుగారు మందు మార్చలేదు, వేళ మార్చారు. పొద్దున పరగడుపున వేసుకుని, అరగంట ఆగి టిఫిన్ తినమన్నారు. ఈ మాత్ర ఊరిన ఆమ్లాన్ని చల్లార్చదు, ఊరకుండా ఆపుతుంది. ఆమ్లం ఊరడం తిండి పడగానే జోరందుకుంటుంది కాబట్టి మందు అంతకు ముందే ఒంట్లో ఉండాలి. గుణం తెలియడానికి కొన్ని రోజులు పడుతుంది. మాత్ర నమలకూడదు, నలగ్గొట్టకూడదు.

అప్పటికప్పుడు మంటకైతే జెలుసిల్ లాంటి సిరప్. కానీ థైరాయిడ్ మాత్రకీ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. బీపీ ఉంటే ఈనో జోలికి వెళ్లొద్దు, అందులో సోడియం ఎక్కువ.

ఏడాది వాడింది ఒక్కసారిగా ఆపితే ఆమ్లం తిరగబడి కొన్ని వారాలు మంట ఇంకా పెరగొచ్చు. డాక్టరుని అడిగి మెల్లగా తగ్గించుకోవాలి. ఏళ్ల తరబడి వాడేవాళ్లకి బి12, మెగ్నీషియం తగ్గే అవకాశం ఉంది, చూపించుకోవాలి. గుండెకి స్టెంట్ వేసి, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ ఇచ్చినవాళ్లు ఇదే రకం గ్యాస్ మాత్ర ఒమెప్రజోల్ వాడకూడదు. మోకాళ్ల నొప్పికని డైక్లోఫెనాక్ మింగుతున్నారేమో కూడా అడగండి, కడుపులో పుండు పడేది చాలాసార్లు దానివల్లే. మెడికల్ షాపులో చెబితే ఇచ్చేస్తారు, అన్ని మందులూ చూసి ఇచ్చేదెవరు?

రాత్రి మంటకి మాకు బాగా పనిచేసింది మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టడం. దిండ్లు పేర్చితే మెడ వంగుతుంది తప్ప లాభం లేదు. పడుకోవడానికి మూడు గంటల ముందే భోజనం. గుంటూరులో కారం మానమంటే వినేదెవరు, అమ్మ గోంగూర పచ్చడిని మధ్యాహ్నానికి మార్చింది, అంతే.

మింగుడు పడకపోయినా, విరేచనం నల్లగా తారులా వచ్చినా, బరువు తగ్గుతున్నా మాత్రలతో నెట్టుకురాకండి, ఎండోస్కోపీ అవసరం పడొచ్చు. ఛాతీ బిగపట్టి చెమటలు పోసి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకితే గ్యాసే అనుకుని సోడా తాగిస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.