చీనీ తోటలో నులిపురుగులు: తట్టుకునే వేరుమూలం ఏది?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. రంగపూర్ నిమ్మ వేరుమూలంపై (అంటుకు వేర్లనిచ్చే అడుగు మొక్కపై) కట్టిన తొమ్మిదేళ్ల చీనీ తోటలో ఆకులు చిన్నవై, కొమ్మలు కొన నుంచి ఎండుతున్నాయి. పరీక్షలో వేర్లకు నులిపురుగులు (కంటికి కనబడనంత సన్నని పురుగులు) ఉన్నాయని తేలింది. నేలలో సున్నం ఎక్కువ, ఉదజని సూచిక (pH) 8.4. ఈ తోట తీసేసి, నులిపురుగు పట్టదంటున్న స్వింగిల్ వేరుమూలంపై కట్టిన అంట్లు నాటుకోవచ్చా?

జవాబు: స్వింగిల్ నులిపురుగును తట్టుకుంటుందన్న మాట నిజమే కానీ, మీ నేలకు అది తగదు.

నిమ్మజాతి నులిపురుగులో ఆడది తల భాగాన్ని పీచు వేరు లోపలికి దూర్చి, ఉబ్బిన వెనుక భాగాన్ని బయటే ఉంచి, జిగురు పదార్థంలో గుడ్లు పెడుతుంది. ఆ జిగురుకు మట్టి అంటుకుంటుంది కాబట్టి, పాదులో జానెడు లోతున తీసిన పీచు వేర్లను నీటిలో మెల్లగా ఆడించినా మట్టి వదలకపోతే ఈ పురుగునే అనుమానించాలి. రంగపూర్ నిమ్మ, మరో వేరుమూలమైన జంబేరి నిమ్మ రెండూ దీనికి లొంగేవే. మూడాకుల నారింజ వేరులో మాత్రం పురుగు తల దూర్చిన చోట కణాలు వెంటనే చనిపోయి, చుట్టూ గట్టి పొర ఏర్పడడంతో దానికి ఆహారం అందదు. ఆ నారింజను డంకన్ గ్రేప్‌ఫ్రూట్‌తో సంకరపరచగా వచ్చినదే స్వింగిల్. 1907లో ఫ్లోరిడాలో చేసిన ఈ సంకరాన్ని అమెరికా వ్యవసాయ శాఖ 1974లో విడుదల చేసింది. అయితే ఈ నిరోధకత కూడా శాశ్వతం కాదు, మూడాకుల నారింజపైనా వృద్ధి చెందే నులిపురుగు తెగ ఒకటి కాలిఫోర్నియాలో బయటపడింది.

అసలు ఇబ్బంది సున్నంతో వస్తుంది. మూడాకుల నారింజ, దాని సంకరాలు సున్నపు నేలలో ఇనుమును సరిగా తీసుకోలేవు. ఈనెలు పచ్చగా ఉండి ఆకంతా పసుపెక్కి, చెట్టు గిడసబారిపోతుంది. పురుగు లేకపోయినా దిగుబడి రాని తోటతో మీకు ప్రయోజనం లేదు. అందువల్ల సున్నాన్ని, నీటి ఎద్దడిని, నిమ్మజాతి చెట్లను ఎండబెట్టే ట్రిస్టెజా వైరస్‌ను తట్టుకునే రంగపూర్ నిమ్మనే మళ్లీ ఎంచుకుని, పురుగును నేలలోనే అదుపు చేయడం మంచిదని నా అభిప్రాయం. ఆసక్తి ఉంటే ఒక మూల నాలుగైదు స్వింగిల్ అంట్లు పెట్టి చూడండి. కొనేటప్పుడు అంటు కట్టుకు దిగువన వచ్చిన చిగురును గమనించండి. ఆకుకు మూడు రెక్కలు లేకపోతే, నర్సరీవారు ఏ పేరు చెప్పినా అది స్వింగిల్ కాదు.

అన్నిటికన్నా ముందు, పూర్తిగా ఎండని చెట్లను తొందరపడి తీయకండి. 90 కిలోల పశువుల ఎరువులో 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి (మేలు చేసే శిలీంధ్రం) కలిపి, నీడలో తడి ఆరకుండా వారం పది రోజులు మాగబెట్టి, డ్రిప్పర్ల కింద పీచు వేర్లు ఉన్నచోట వేసి మట్టి కప్పండి. ఇవే లక్షణాలు వేరుకుళ్లు వల్ల కూడా రావచ్చు కాబట్టి, వేరు బెరడు మెత్తబడి ఊడివస్తోందేమో చూసి, అలా ఉంటే తిరుపతిలోని నిమ్మజాతి పరిశోధనా స్థానం శాస్త్రవేత్తలకు చూపించండి.

తోట తీయక తప్పకపోతే పాత వేర్లను ఏరివేసి, జొన్న వంటి పైర్లు వేశాకే మళ్లీ నాటండి. ద్రాక్ష మాత్రం వేయవద్దు, ఈ పురుగు దానిపైనా బతుకుతుంది. కొత్త అంట్లను పాత తోటల మట్టి వాడని నర్సరీలోనే తీసుకుని, కొనే ముందు ఒకటి రెండు సంచులు విప్పించి పీచు వేర్లను కడిగి చూడండి.