హెడ్‌ఫోన్స్ ముందా, యాంప్లిఫయర్ ముందా? నేను తలకిందులుగా కొన్నాను

మీరు అడిగింది ఇదీ: రాత్రిపూట ఇంట్లో కూర్చుని పాటలు వినడానికి మంచి హెడ్‌ఫోన్స్ కావాలి, బడ్జెట్ తక్కువ, బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రోలో 250 ఓమ్‌ల రకం (ఓమ్‌లంటే కరెంటుకి అది చూపే అడ్డు) నచ్చింది, కానీ యాంప్లిఫయర్ లేకపోతే అది దండగని ఎవరో భయపెట్టారు, అందుకని ఉన్న డబ్బును రెండింటికీ చెరిసగం పెట్టాలా అని. పెట్టకండి. దాదాపు మొత్తం హెడ్‌ఫోన్స్‌కే పెట్టి, కొన్నాళ్లు ఇప్పుడున్న ఫోన్‌కో ల్యాప్‌టాప్‌కో తగిలించి వినండి. యాంప్లిఫయర్ సంగతి ఆ తర్వాత. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, నేను సరిగ్గా దీనికి ఉల్టా చేశాను.

అప్పట్లో నా దగ్గర 38 ఓమ్‌ల క్లోజ్డ్ హెడ్‌ఫోన్స్, అంటే కప్పుల బయటివైపు మూసి ఉండే రకం, ఉండేవి. ఏం విన్నా పలచగా ఉండేది, బేస్ గిటార్ ఎక్కడో పక్కగదిలో వాయిస్తున్నట్టు. పవర్ సరిపోవట్లేదని నాకు నేనే తీర్పు చెప్పేసుకుని, నెలల తరబడి రివ్యూలు చదివి, టేబుల్ మీద పెట్టుకునే యాంప్లిఫయర్ ఒకటి కొన్నాను. మొదటి రోజు అద్భుతం అనిపించింది. రెండో రోజు సాయంత్రానికి అర్థమైంది, అద్భుతమేమీ లేదు, ఇదివరకటి కన్నా సౌండ్ పెంచి వింటున్నాను, అంతే. నాబ్ కాస్త కదిలిస్తే చెవులు హోరెత్తిపోయేవి, రాత్రిపూటకి సరిపడేంత తగ్గిస్తే ఎడమ చెవిలో పాట పూర్తిగా, కుడి చెవిలో సగం. చవక వాల్యూమ్ నాబ్‌లతో ఇదో గోల, బాగా తగ్గించిన చోట రెండు వైపులా సమానంగా ఇవ్వలేవు. అంటే నా హెడ్‌ఫోన్స్‌కి అవసరమైన దానికన్నా ఎన్నో రెట్లు పవర్ ఉన్న పెట్టెను కొని, దాన్ని సరిగ్గా పనిచేయని చోట మాత్రమే వాడుతున్నానన్నమాట.

అప్పుడు మా తమ్ముడు ఒక పని చేద్దామన్నాడు. 60 హెర్ట్జ్ టోన్ పెట్టి, ఫోన్ డాంగిల్ (ఫోన్‌కి హెడ్‌ఫోన్స్ తగిలించే చిన్న అడాప్టర్) నుంచీ యాంప్లిఫయర్ నుంచీ వచ్చే వోల్టేజీని మల్టీమీటర్‌తో కొలిచి రెండింటినీ సమానం చేశాం (మామూలు మల్టీమీటర్లు కరెంటు సప్లై ఫ్రీక్వెన్సీ దగ్గర బాగానే కొలుస్తాయి, అందుకే ఆ టోన్). నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను, వాడు బొమ్మా బొరుసా వేసి వైరు మార్చాడు. పదిసార్లలో ఆరుసార్లు సరిగ్గా చెప్పాను. అంటే నోటికొచ్చింది చెప్పినట్టే. వాడు నవ్విన నవ్వు ఇంకా గుర్తుంది. ఎవరైనా "ఈ యాంప్ పెట్టాక తెర తొలగిపోయినట్టుంది" అంటే నేను ముందు అడిగేది, సౌండ్ లెవెల్ సమానం చేసి విన్నారా అని. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా అది ఎక్కువ సౌండ్‌లా కాదు, ఎక్కువ క్వాలిటీలా వినిపిస్తుంది, చెవి చేసే మోసం అది.

మరి పాట పలచగా ఎందుకుండేది? కళ్లద్దాలు! నవ్వకండి. క్లోజ్డ్ హెడ్‌ఫోన్స్‌లో బేస్ అంతా ఇయర్ ప్యాడ్ చెవి చుట్టూ గాలి దూరకుండా అతుక్కోవడం మీదే ఆధారపడి ఉంటుంది. అద్దాల కాడ దగ్గర సన్నటి సందు ఏర్పడినా కింది బేస్ అక్కడినుంచే జారిపోతుంది. దానికి తోడు నా ప్యాడ్లు రెండేళ్లు వాడినవి, పైన రెక్సిన్ పొట్టు లేచిపోయి లోపలి స్పాంజి అణిగిపోయి ఉంది. అద్దాలు తీసేసి, ప్యాడ్లను రెండు అరచేతులతో మెల్లగా నొక్కి విన్నాను, బేస్ వచ్చేసింది. కొత్త ప్యాడ్లు వేశాను, సన్న కాడల అద్దాలకి మారాను. యాంప్లిఫయర్ ధరలో పిసరంతతో తేలిపోయే సమస్య అది. మీరూ ఏదైనా కొనేముందు ఇప్పుడున్న వాటితో ఈ అరచేతుల పరీక్ష చేయండి. ఒకటే జాగ్రత్త, ఒరిజినల్ కాని ప్యాడ్లు వేస్తే మందం, రంధ్రాలు, తొడుగు మారి మొత్తం టోనే మారిపోవచ్చు, వెల్వెట్ తీసి లెదర్ రకం వేసినా అంతే.

ఇక ఓమ్‌ల భయం. 250 అంటే కష్టం, 32 అంటే సులువు అనే లెక్క సగమే నిజం. ఇంపీడెన్స్‌తో (ఈ ఓమ్‌ల అంకే అది) పాటు సెన్సిటివిటీ చూడాలి, అంటే ఒక మిల్లీవాట్ ఇస్తే ఎన్ని డెసిబెల్స్ వస్తుందని. మీరు చెప్పిన 250 ఓమ్‌ల దానికి కంపెనీ చెప్పే అంకె 96 డెసిబెల్స్. ఫోన్ డాంగిళ్లు చాలావరకు 1 వోల్ట్ దాకా ఇస్తాయి. 250 ఓమ్‌లకి 1 వోల్ట్ అంటే 4 మిల్లీవాట్లు, పవర్ రెట్టింపైన ప్రతిసారీ 3 డెసిబెల్స్ చొప్పున కలిపితే 102 డెసిబెల్స్. ఇంట్లో ప్రశాంతంగా వినే సగటు 70, 75 దగ్గర ఉంటుంది, డ్రమ్ము దెబ్బలు దానిమీద ఇంకో 15, 20 లేస్తాయి. అంటే 95. ఇంకా చోటు మిగిలే ఉంది. అదే డాంగిల్ అర వోల్టే ఇచ్చేదైతే (అలాంటివీ ఉన్నాయి) 6 డెసిబెల్స్ తగ్గి 96 దగ్గర ఆగుతుంది, అప్పుడు తక్కువ సౌండ్‌తో రికార్డు చేసిన శాస్త్రీయ సంగీతానికి కాస్త ఇబ్బంది.

ఇంకో పోలిక. సెన్‌హైజర్ హెచ్‌డీ 650 300 ఓమ్‌లది, హైఫైమ్యాన్ హెచ్ఈ 6 అనే ప్లానార్ (పల్చటి పొర మొత్తం కదిలి శబ్దం చేసే రకం) 50 ఓమ్‌లదే. ఓమ్‌లు చూస్తే రెండోదే సులువనిపిస్తుంది కదా. 110 డెసిబెల్స్ రావాలంటే మొదటిదానికి 17 మిల్లీవాట్లు చాలు, రెండోదాని సెన్సిటివిటీ 83.5 మాత్రమే కాబట్టి దానికి దాదాపు 450 కావాలి. పెద్ద ఓమ్‌లవి వోల్టేజీ అడుగుతాయి, కొన్ని ప్లానార్లు కరెంటును ఎడాపెడా లాగేస్తాయి, ఫోన్లు చేతులెత్తేసేది ఎక్కువగా ఈ రెండో చోట. అన్నట్టు కొన్ని కంపెనీలు సెన్సిటివిటీని మిల్లీవాట్‌కి కాకుండా వోల్ట్‌కి ఇస్తాయి, ఆ అంకె పెద్దగా కనిపిస్తుంది. 32 ఓమ్‌ల వాటికి ఈ రెండు అంకెల మధ్య తేడా 15 డెసిబెల్స్ దాకా ఉంటుంది, కాబట్టి పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు కింద యూనిట్ చూసుకోండి.

డీటీ 770 ప్రో 80 ఓమ్‌లలో, 32 ఓమ్‌లలో కూడా వస్తుంది. మీ ఫోన్ బలహీనమైనదైతే 80 తీసుకోండి, టెన్షన్ ఉండదు. వాటి మధ్య సౌండ్‌లో కాస్త తేడా ఉంటుంది, కానీ 250 రకం కోసమని అదనంగా ఒక పెట్టె కొనేంత తేడా అని నాకైతే అనిపించలేదు.

అసలు మీరు నిర్ణయించుకోవలసింది ఓపెనా క్లోజ్డా అన్నది. పక్కన ఎవరైనా నిద్రపోతుంటే క్లోజ్డే, రెండో మాట లేదు, ఓపెన్ రకంలో మీ పాట గదంతా వినపడుతుంది, బయటి చప్పుడూ లోపలికి వస్తుంది. ఒంటరిగా నిశ్శబ్దమైన గది ఉంటే మాత్రం ఓపెన్ తీసుకోండి, పాట తలలో ఇరుక్కోకుండా చుట్టూ విచ్చుకున్నట్టుంటుంది, చెవులకి చెమట పట్టదు, అద్దాల గొడవా తక్కువ, కాకపోతే అట్టడుగు బేస్ కొంచెం తక్కువే. తలమీద బరువు, బిగుతు కూడా చూడాలి. షాపులో ఐదు నిమిషాలు పెట్టుకుంటే అన్నీ బాగానే ఉంటాయి, గంట తర్వాత నడినెత్తిన నొప్పి మొదలయ్యేది ఏదో అప్పుడు తెలుస్తుంది, అందుకే రిటర్న్ తీసుకునే చోటే కొనండి. వైరు ఊడదీసి మార్చుకోగలిగేదైతే ఇంకా మంచిది, ఎక్కువగా చచ్చేది వైరే, డ్రైవర్ (లోపలి చిన్న స్పీకర్) కాదు. (డీటీ 770 ప్రో పాత రకాలకి వైరు ఊడదు, అది నాకు నచ్చని విషయం.)

యాంప్లిఫయర్ నిజంగా ఎప్పుడు కావాలి? వాల్యూమ్ ఆఖరి దాకా పెంచినా తక్కువ సౌండ్‌తో రికార్డు చేసిన పాట చాలకపోతే. ల్యాప్‌టాప్ జాక్‌లో గీ అనే చప్పుడు, ఛార్జర్ పెట్టగానే హమ్ వస్తుంటే, కానీ అప్పుడు కావలసింది యాంప్ ఒక్కటే కాదు, యూఎస్‌బీ డాక్ (డీఏసీ, డిజిటల్ పాటని హెడ్‌ఫోన్స్‌కి పంపే సిగ్నల్‌గా మార్చేది), లేకపోతే ఆ చప్పుడుని కూడా యాంప్ భక్తిగా పెంచి వినిపిస్తుంది. చిన్న డాంగిల్‌లోనే డాక్, యాంప్ రెండూ ఉంటాయి, చాలామందికి అక్కడితో కథ అయిపోతుంది. ఇంకోటి, ఎవరూ చెప్పనిది, ఈక్వలైజర్, అంటే బేస్, ట్రెబుల్ లాంటివి విడివిడిగా పెంచి తగ్గించేది. బేస్‌ని 6 డెసిబెల్స్ పెంచితే అక్కడ నాలుగు రెట్ల పవర్ కావాలి, పైగా డిజిటల్‌గా సౌండ్ పగలకుండా ఉండాలంటే మొత్తం లెవెల్‌ని అంతే తగ్గించాలి, దాంతో వాల్యూమ్ చాలదు. నాకు యాంప్ పనికొచ్చింది ఇక్కడే. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ ఉచితమే, రెండు మూడు ఫిల్టర్లతో చేసే మార్పు ఖరీదైన యాంప్‌లు మార్చినా రాదు.

యాంప్ కొనే రోజు వస్తే దాని అవుట్‌పుట్ ఇంపీడెన్స్ (యాంప్ వైపు ఉండే ఓమ్‌లు) చూడండి, హెడ్‌ఫోన్స్ ఓమ్‌లలో ఎనిమిదో వంతుకి మించకూడదు, 32కి 4 అన్నమాట. పాత స్టీరియో రిసీవర్ల జాక్‌లలో చాలాసార్లు ఇది వంద పైనే ఉంటుంది. హెచ్‌డీ 650 లాంటి వాటికి దానివల్ల బేస్ ఒక డెసిబెల్ లేస్తుందేమో, అది కొందరికి ఇష్టం కూడా, చిన్న ఇయర్‌ఫోన్స్‌కి మాత్రం రూపురేఖలే మారిపోతాయి. ట్యూబ్ యాంప్‌ల (వాక్యూమ్ ట్యూబులతో చేసినవి) తియ్యదనం అనేదాంట్లో కొంత ఇదే అని నా అనుమానం.

పవర్ ఉంది కదా అని పెంచేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ వారానికి 40 గంటలు, సౌండ్ పెరిగే కొద్దీ ఆ గంటలు వేగంగా కరిగిపోతాయి.

నా యాంప్లిఫయర్ ఏమైందంటారా, చాన్నాళ్లు పేపర్ వెయిట్‌లా పడి ఉంది. తర్వాత సెకండ్ హ్యాండ్‌లో హెచ్‌డీ 650 దొరికింది, ఈక్వలైజర్ కూడా పెట్టాను, ఇప్పుడు నాబ్ సగం దగ్గర ఉంటుంది, రెండు చెవుల్లోనూ సమానంగా పాట. దానికి పని దొరకడానికి మూడేళ్లు పట్టింది. మీరు వినేది ఫోన్‌లోనా ల్యాప్‌టాప్‌లోనా, అద్దాలు వాడతారా అన్నది రాస్తే ఇంకాస్త సరిగ్గా చెప్పగలను.