పార్కులో చెరువు, చెట్లు, గడ్డి అన్నీ ఉన్నా ఏ జీవీ ఎందుకు కనిపించదు?

నగరంలోని ప్రకృతి పార్కులో రెండు గంటలు తిరిగినా పావురాలు, ఉడతలు తప్ప ఏమీ కనిపించలేదని అడిగారు. మొదటి ఏడాది నాదీ ఇదే గోడు. చెరువు, గడ్డిమైదానం, గుబురు చెట్లు, రాతిగుట్ట అన్నీ ఒక్క పూటలో చుట్టేసి, బోర్డు మీద రాసిన పిట్టల పేర్లన్నీ ఉత్త గొప్పలే అనుకుంటూ ఇంటికి వచ్చేవాణ్ణి.

ఒకరోజు చెప్పు తెగి చెరువు గట్టున కూలబడ్డాను. చెట్లు అయిపోయి జమ్ము మొదలయ్యే చోటు అది. పావుగంట దాకా ఏమీ లేదు. ఆ తర్వాత నేను అక్కడ లేనట్టే అన్నీ తమ పనుల్లో పడ్డాయి. నీటి మీదికి వంగిన కొమ్మ మీద చిన్న నీలి లకుముకి పిట్ట వాలింది. బుడుంగున మునిగి, చేపతో అదే కొమ్మకు తిరిగొచ్చి, దాన్ని కొమ్మకేసి ఎడాపెడా బాది, తలవైపు నుంచి మింగింది. తోకవైపు నుంచైతే పొలుసులూ ముళ్ళూ గొంతుకు అడ్డం పడతాయి మరి. ఈ రకంలో కింది ముక్కు ఎర్రగా ఉంటే అది ఆడపిట్ట అని తర్వాత తెలిసింది.

అందుకే తిరగడం మానేసి, చెట్లూ నీళ్ళూ, పొదలూ గడ్డీ లాంటి రెండు రకాల చోట్లు కలిసే అంచు చూసుకుని కూర్చోండి. అక్కడ తిండీ, దాక్కునే చోటూ పక్కపక్కనే దొరుకుతాయి. తెల్లవారగానే వెళ్ళండి. ఎండ మీ వీపు మీద పడాలి, లేకపోతే ప్రతి పిట్టా నల్లబొమ్మలాగే కనిపిస్తుంది. బైనాక్యులర్ కొనేట్టయితే 8×42 చాలు, అంటే 8 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. నేను ఆశకు పోయి 12 రెట్లది కొన్నాను. చేతి వణుకు కూడా 12 రెట్లయింది.

పిట్టలు రాకపోతే జమ్ము కాడలు చూడండి. గోధుమరంగు గుల్లలు అంటుకుని ఉంటాయి. తూనీగ పిల్లలు నీళ్ళలో పెరిగి, కాడ ఎక్కి, విడిచిపోయిన చర్మాలవి. వీపు చీలికలోంచి సన్నటి తెల్లదారాలు వేలాడుతుంటాయి, అవి ఊపిరిగొట్టాల లోపలి పొరలు. ఎండిన మానులను కూడా వదలకండి. వడ్రంగి పిట్ట తొలిచి వదిలేసిన తొర్రల్లో చిలకలో గోరింకలో కాపురం పెడతాయి. పార్కువాళ్ళు ఆ మాను కొట్టేయకపోవడం బద్ధకం కాదు.

ఇక మీకు విసుగు పుట్టించిన ఉడతల సంగతి. ఉడత తోక ఎగరేస్తూ ఆపకుండా అరుస్తుంటే దగ్గర్లో పిల్లో, పామో, డేగో ఉండి ఉంటుంది. దాని చూపు ఎటుంటే అటు చూడండి. నా మొదటి గుడ్లగూబను అలాగే చూశాను.