టెక్ సందేహాలు: ఫోన్ బాగానే ఉంది, హోంవర్కే చదవడం లేదు

బడులు తెరిచాక ప్రత్యేక అవసరాలున్న పిల్లల తల్లిదండ్రులు, వాళ్లకు పాఠం చెప్పే టీచర్లు రాసిన సందేహాలకు ఈ వారం జవాబులిస్తున్నాను. అందరూ మామూలు బడిలో, మిగతా పిల్లల పక్కనే కూర్చుని చదువుకుంటున్న పిల్లల గురించే రాశారు. ఎక్కువమంది ఏం కొనాలని అడిగారు. చాలావాటికి కొత్తగా కొనాల్సిన పనే లేదు.

మా పాప ఆరో తరగతి. చూపు బాగా తక్కువ. ఫోన్‌లో తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ నేర్చుకుంది, మెసేజ్‌లు చక్కగా వింటుంది. క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టే హోంవర్క్ మాత్రం ఫోన్ చదవదు. కొన్ని పీడీఎఫ్‌లు తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు పలుకుతుంది. మంచి ఫోన్ కొనాలా? – ఒక అమ్మ, నల్గొండ

కొనకండమ్మా. లక్ష రూపాయల ఫోన్ తెచ్చినా ఆ పీడీఎఫ్‌ను ఇలాగే చదువుతుంది. లోపం ఫైల్‌లో ఉంది.

మన దగ్గర డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి అను ఫాంట్లతో టైప్ చేస్తున్నారు. ప్రశ్నపత్రాలు, నోట్సు చాలావరకు అలా తయారైనవే. తెర మీద కనిపించేది తెలుగే. ఫైల్ లోపల మాత్రం ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. ఫాంట్ వాటిని తెలుగు ఆకారంలో చూపిస్తుందంతే. టాక్‌బ్యాక్ ఆకారాన్ని చూడదు, లోపలున్న అక్షరాన్ని చదువుతుంది. అనుమానం వస్తే ఆ పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. గజిబిజిగా వస్తే అది యూనికోడ్ (ఏ ఫోనైనా తెలుగుగానే గుర్తించే అక్షరాల పద్ధతి) కాదు. ఇక గ్రూపులో పెట్టే బోర్డు ఫొటోల సంగతి. పాపకు అవి చాలాసార్లు "ఫొటో" అని మాత్రమే వినిపిస్తాయి.

అసలు పరిష్కారం టీచర్ చేతిలోనే ఉంది, పైసా ఖర్చు లేదు. గూగుల్ కీబోర్డ్ యాప్ జీబోర్డ్‌లో తెలుగు ఎంచుకుని, మైకు గుర్తు నొక్కి హోంవర్క్ చెబితే అదే టైప్ చేస్తుంది. తప్పులు దిద్ది గ్రూపులో మామూలు మెసేజ్‌గా పెడితే చాలు. లెక్కల బొమ్మలు, పటాలు ఉంటే ఒక వాయిస్ మెసేజ్‌లో వర్ణించమనండి. టీచర్‌కు ఈ జవాబు చూపించండి. చాలామంది టీచర్లకు ఈ ఇబ్బంది ఒకటుందనే తెలియదు, తెలిశాక చేయకుండా ఉండరు.

అంతదాకా మీరు చేయగలిగింది ఇది. పేజీని స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టండి. కంప్యూటర్‌లో ఆ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో తెరవండి. అందులోని అక్షరాలు టెక్స్ట్‌గా వస్తాయి. పీడీఎఫ్‌నే నేరుగా ఇస్తే లోపలి గజిబిజి మళ్లీ రావచ్చు, అందుకే స్క్రీన్‌షాట్. అచ్చు అక్షరాలు బాగానే వస్తాయి, ఒత్తుల దగ్గర కొన్ని తప్పులుంటాయి. చేతిరాతను నమ్ముకోవద్దు.

పుస్తకాలకు సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది. 2016లో మొదలైంది, అచ్చు చదవలేనివాళ్లకు సభ్యత్వం ఇస్తుంది. ఒక పుస్తకాన్ని ఇలాంటి పిల్లలు చదువుకోగల రూపంలోకి మార్చడానికి 2012 సవరణ నుంచి మన కాపీరైట్ చట్టమే అనుమతిస్తోంది. కాబట్టి బడివాళ్లు ఆ విషయంలో భయపడక్కర్లేదు. పాప కంప్యూటర్‌కు మారే వయసు వచ్చాక ఎన్‌వీడీఏ వేయండి. విండోస్‌లో పనిచేసే ఉచిత స్క్రీన్ రీడర్ అది, తెలుగూ చదువుతుంది. గొంతు మరమనిషిలా ఉంటుంది కానీ, పిల్లలు తొందరగానే అలవాటు పడతారు.

నా ఎనిమిదో తరగతిలో ఒక బాబు చెవి మిషన్ పెట్టుకుంటాడు. మొదటి బెంచీలో కూర్చోబెట్టినా పాఠం సగమే అందుతోంది. నేను చెప్పేది తెర మీద అక్షరాలుగా చూపించే యాప్ ఉందా? – ఒక ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా

ఉంది మాస్టారూ. గూగుల్ 2019లో తెచ్చిన లైవ్ ట్రాన్స్‌క్రైబ్. ఉచితం, తెలుగు ఉంది. తెలుగుకు నెట్ కావాల్సి రావచ్చు, మీ బడిలో సిగ్నల్ ఎలా ఉందో ముందే చూసుకోండి. ఫోన్ బాబు బెంచీ మీద పెడితే ఫ్యాన్ శబ్దం, పక్కవాళ్ల మాటలు కలిసిపోతాయి. కాలర్‌కు తగిలించుకునే చిన్న వైర్‌లెస్ మైకు ఒకటి ఫోన్‌కు కలిపి మీరు పెట్టుకుంటే ఫలితం చాలా మెరుగ్గా ఉంటుంది. సైన్సు పదాలు తప్పుగా పడతాయి కాబట్టి వాటిని బోర్డు మీద రాయండి.

చెవి మిషన్ శబ్దాన్ని పెంచుతుంది గానీ, మీ గొంతును గోల నుంచి పూర్తిగా వేరు చేయలేదు. మొదటి బెంచీ సరిపోకపోవడానికి కారణం అదే. అతని మిషన్‌కు మీరు పెట్టుకునే రిమోట్ మైక్రోఫోన్ కలుస్తుందేమో ఆడియాలజిస్టును (వినికిడి నిపుణుణ్ని) అడగమని వాళ్ల ఇంట్లో చెప్పండి. అది ఉంటే మీ గొంతు నేరుగా మిషన్‌లోకే వెళ్తుంది. యాప్ చేయలేని రెండు పనులు మాత్రం మీరే చేయాలి. బోర్డు వైపు తిరిగి మాట్లాడకండి, అతను పెదవులు కూడా చదువుతుంటాడు. వెనక బెంచీ పిల్లాడు జవాబు చెబితే దాన్ని మీరు మళ్లీ చెప్పండి. క్లాసులో సగం చదువు ఆ జవాబుల్లోనే ఉంటుంది, ఈ పిల్లలు మొదట కోల్పోయేది కూడా దాన్నే.

బాబుకు సంకేత భాష వస్తే, 2024 డిసెంబరులో మొదలైన పీఎం ఈ-విద్య 31వ టీవీ చానల్ చూపించండి, దాన్ని భారతీయ సంకేత భాషకే కేటాయించారు. మిగతా పిల్లలకూ చూపించి పది సంకేతాలు నేర్పండి. విరామంలో అతనితో మాట్లాడేవాళ్లు ఉంటారు.

మా అమ్మాయికి సెరిబ్రల్ పాల్సీ, తొమ్మిదో తరగతి. చేత్తో రాయడం చాలా నెమ్మది. కీబోర్డ్ మీద రెండు కీలు ఒకేసారి నొక్కలేకపోతోంది. ఏం చేయాలి? – ఒక నాన్న, హైదరాబాద్

విండోస్ కంప్యూటర్‌లో షిఫ్ట్ కీ వరసగా ఐదుసార్లు నొక్కండి, స్టికీ కీస్ వస్తుంది. ఆ తర్వాత కీలు ఒకదాని తర్వాత ఒకటి నొక్కినా చాలు. చేయి వణికి ఒకే అక్షరం పదిసార్లు పడుతుంటే సెట్టింగ్స్‌లో ఫిల్టర్ కీస్ కూడా ఆన్ చేయండి.

పరీక్షల విషయానికి వస్తే, 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నవాళ్లకు గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం, కంప్యూటర్ మీద జవాబు రాసే వీలు 2018 నాటి కేంద్ర మార్గదర్శకాల్లోనే ఇచ్చారు. పరీక్షల బోర్డు ప్రస్తుత నిబంధనలేమిటో బడి ద్వారా ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి. పదో తరగతి పరీక్ష ఫీజు కట్టేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. ఈలోగా స్లిప్ టెస్టులు కూడా కంప్యూటర్ మీదే రాయనివ్వమని కోరండి.

మా బాబుకు మాటలు రావు. ట్యాబ్‌లో బొమ్మ నొక్కితే పలికే యాప్ వాడతాడు. టీచర్ దాన్ని బ్యాగులో పెట్టించేస్తున్నారు, ఆటలాడతాడని. యాప్ అలవాటైతే ఇక మాటలు రావేమోనని నాకూ భయం. – ఒక అమ్మ, విజయవాడ

కళ్లజోడు బ్యాగులో పెట్టమని ఏ పిల్లాడికీ చెప్పం కదా. ఆ ట్యాబ్ మీ బాబు గొంతు, బెంచీ మీదే ఉండాలి. టీచర్ భయానికి కూడా మందుంది. ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్, ఐప్యాడ్‌లో గైడెడ్ యాక్సెస్ ఆన్ చేసి పాస్‌కోడ్ పెడితే ఆ ఒక్క యాప్ దాటి బయటకు రాలేడు. టీచర్ ముందే చేసి చూపించండి. చార్జింగ్ అయిపోయిన రోజు కోసం అవే బొమ్మలు ఒక షీటు మీద ప్రింట్ తీసి లామినేట్ చేయించండి. యాప్ అలవాటైతే ఇక మాటలు రావేమోనని రాశారు. ఇలాంటి సాధనాలు మాటను ఆపవని పరిశోధనలు చెబుతున్నాయి, కొందరిలో మాట పెరిగింది కూడా.

ఇవన్నీ ప్రభుత్వం ఇస్తుందా? – పలువురు

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 17వ సెక్షన్ ప్రకారం 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్న విద్యార్థులకు 18 ఏళ్ల దాకా పుస్తకాలు, తగిన సహాయక పరికరాలు ఉచితంగా ఇవ్వాలి. మీ మండలంలోని భవిత కేంద్రానికి (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే కేంద్రం) వెళ్లి, ఆ పిల్లలకు సాయపడే ఐఈఆర్‌పీ టీచర్‌ను కలవండి. యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), బడి ధ్రువీకరణ పత్రం తీసుకెళ్లండి. పరికరం పేరు ఒక్కటే రాయకుండా, క్లాసులో ఏ పనికి కావాలో కూడా అర్జీలో రాయండి. అర్జీ అందినట్టు మీ కాపీ మీద తేదీతో సంతకం తీసుకోండి.