ముందు మడిగె కట్టాలా, ముందు సంఘం పెట్టాలా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది జనగామ దిక్కు చిన్న ఊరు, 300 గడపలు ఉంటయి. మా ఊరోళ్ళం ఓ 40 కుటుంబాలు ఇక్కడే ఉప్పల్, బోడుప్పల్, నాచారంలో బతుకుతున్నాం. ఊర్లో ఉన్న ఒక్క కిరాణం దుకాణం, అది నడిపే ముసలాయన పోయినంక మూతపడ్డది. ఇప్పుడు మా అమ్మ చక్కెరకైనా జ్వరం గోలీకైనా ఆటో ఎక్కి మండలానికి పోవాలె, చక్కెర 50 రూపాయలది అయితే ఆటోకు 60. దసరాకు అందరం కలిసినప్పుడు అనుకున్నం, తలా 25 వేలు వేసుకుంటే 10 లక్షలు అయితయి, పంచాయతీ జాగాలో బిల్డింగ్ కట్టి కింద దుకాణం, పక్కన మహిళా సంఘం వాళ్ళకు కారం పొడి ప్యాకింగ్‌కు ఒక గది, కుట్టు మిషన్లకు ఒక గది, పైన మీటింగ్ హాల్ అని. ఎట్ల మొదలుపెట్టాలె, ఎవరి పేరు మీద పెట్టాలె?
— ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: మీ అమ్మగారి చక్కెర లెక్క ఒక్కటి చాలు ఈ పని ఎందుకు చేయాలో చెప్పడానికి, మీ 40 కుటుంబాలకు నిజంగా దండం పెట్టాలి. కానీ మీటింగ్ హాల్ దగ్గరికొచ్చేసరికి నాకు భయమేసింది. ఎందుకంటే మా అత్తగారి ఊర్లో ఇట్లనే జరిగింది, సిటీలో ఉన్నవాళ్ళు చందాలేసి రెండంతస్తులు లేపారు, స్లాబ్ పడేసరికే పైసలు అయిపోయాయి, సరుకు నింపడానికి చేతిలో రూపాయి లేదు, మూడేళ్ళు షట్టర్ దించే ఉంది, లోపల ఎవరిదో వడ్ల బస్తాలు. అందుకే మొహమాటం లేకుండా చెప్తున్నా, బిల్డింగ్ ఇప్పుడు వద్దు. ఆ ముసలాయన దుకాణం గది ఖాళీగానే ఉంటుంది కదా, వాళ్ళ పిల్లలతో మాట్లాడి కిరాయికి తీసుకోండి.

1844లో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్ అనే ఊర్లో 28 మంది, అందులో చాలామంది నేతపని వాళ్ళే, తలా ఒక పౌండు వేసుకుని సహకార దుకాణం పెట్టారు. వాళ్ళూ బిల్డింగ్ కట్టలేదు, కిరాయి గదిలో వెన్న, చక్కెర, పిండి, ఓట్స్, కొన్ని కొవ్వొత్తులతో మొదలుపెట్టారు. ఉద్దెర లేదు, నగదే. లాభం వస్తే ఎవరు ఎంత కొన్నారో దాన్నిబట్టి పంచుకున్నారు. ప్రపంచంలో ఇప్పుడున్న సహకార దుకాణాలు చాలావరకు ఆ పద్ధతి పట్టుకున్నవే. అంత దూరం ఎందుకంటారా, మన ముల్కనూరుకు పోయి చూసి రండి, హనుమకొండ దాటినంక వస్తుంది. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి గారు ఊర్లవాళ్ళను కూడగట్టి పెట్టిన సొసైటీ అది, అప్పులు, ఎరువులు, రైస్ మిల్లు, జిన్నింగ్ మిల్లు అన్నీ ఒకటొకటిగా దాని చుట్టూ పెరిగాయి. తర్వాత ఆడవాళ్ళు పెట్టుకున్న డైరీ కూడా అక్కడిదే. ఒక ఆదివారం పది మంది కలిసి పోండి, మీటింగుల కంటే అదే ఎక్కువ నేర్పిస్తుంది.

ఇక ఎవరి పేరు మీద అంటే, ఒక్క మనిషి పేరు మీద మాత్రం వద్దు, ఎంత నమ్మకస్తుడైనా సరే. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, మ్యాక్స్ అంటారు, దాని కింద వేర్వేరు కుటుంబాల నుంచి 10 మంది ఉంటే సంఘం రిజిస్టర్ చేసుకోవచ్చు, జిల్లా సహకార అధికారి ఆఫీసులో అడగండి. ఇందులో సర్కారు వాటా ఉండదు, మీ బైలాస్, అంటే సంఘం రూల్స్, మీరే రాసుకుంటారు, ఏటా ఆడిట్ ఉంటుంది, ఎంత వాటా పెట్టినా మనిషికి ఒక్కటే ఓటు. ఈ ఆఖరి మాట మీ సిటీ వాళ్ళందరికీ ముందే చెప్పండి, 25 వేలు పెట్టినాయనకూ ఊర్లో 200 పెట్టిన అవ్వకూ ఓటు సమానం. ఊరోళ్ళ దగ్గర ఆ 200 అయినా తప్పక తీసుకోండి, లేకపోతే అది "పట్నం వాళ్ళ దుకాణం" అయిపోతుంది, మీ చందా ఎంతున్నా జనం మాత్రం మండలానికే పోతారు.

పైసల లెక్క కూడా చూడండి. రోజుకు 6,000 గిరాకీ అనుకుందాం, సగటున 10 శాతం మిగిలితే 600, నెలకు 18,000. దుకాణంలో కూర్చునే మనిషికి 10,000, కరెంటు, సరుకు తెచ్చే బండి కిరాయి, పాడైనవి కలిపి 4,500 అనుకుంటే మిగిలేది 3,500, అందులోంచే గది కిరాయి. పైగా రోజుకు 6,000 అంటే ఏడాదికి 21 లక్షలు దాటుతుంది, తెలంగాణలో సరుకు అమ్మేవాళ్ళకు జీఎస్టీ పరిమితి 20 లక్షలే, కాబట్టి రిజిస్ట్రేషన్ తప్పదు, చిన్న వ్యాపారులకు ఉండే కాంపోజిషన్ స్కీం తీసుకుంటే పన్ను పడే సరుకు అమ్మకాల మీద 1 శాతం కడితే సరిపోతుంది. ఇంత సన్నటి లెక్కలో రోజుకు 1,500 ఉద్దెర పోయి తిరిగి రాలేదనుకోండి, నెలకు 45,000, అంటే రెండున్నర నెలల రాబడి ఒక్క నెలలో పోయినట్టే. ఊరి దుకాణాన్ని ముంచేది ఎక్కువగా ఈ ఉద్దెర ఖాతానే. కానీ కూలి పైసలు శనివారం చేతికొచ్చే ఇంట్లో బుధవారం నూనె అయిపోతే ఏం చేస్తారు, పూర్తిగా వద్దనడం నాకు మనసొప్పదు. అందుకే సభ్యులకు మాత్రమే, వాళ్ళ వాటా డబ్బుకు మించకుండా, వారం లోపల కట్టేలా పెట్టండి, కమిటీ వాళ్ళకూ అదే రూల్.

సరుకు బేగంబజార్, ముక్త్యార్‌గంజ్‌లో హోల్‌సేల్‌గా తీసుకుని ఆర్టీసీ కార్గోలో వేయొచ్చు, అక్కడ మీరు 40 కుటుంబాలు బాగా పనికొస్తారు, వంతులేసుకుని వెళ్ళండి. ఎలక్ట్రానిక్ కాంటాకు తూనికలు కొలతల వాళ్ళ ముద్ర ఏటా వేయించాలి. జ్వరం గోలీల సంగతి, వెయ్యి జనాభాకు మించని ఊర్లలో పారాసిటమాల్ లాంటివి కొన్ని లైసెన్స్ లేకుండా అమ్మొచ్చని రూల్ ఉంది కానీ 300 గడపలంటే మీరు వెయ్యి దాటే ఉంటారు, డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌ను అడగకుండా పెట్టకండి. అప్పటిదాకా అమ్మగారికి ఆశా కార్యకర్త దగ్గర ఆ గోలీలు ఊరికే దొరుకుతాయి.

రెండేళ్ళు దుకాణం నిలబడితే అప్పుడు కట్టండి, ముందు రెండు మడిగెలు చాలు. పంచాయతీ జాగా అయితే పంచాయతీ తీర్మానం రాతపూర్వకంగా ఉండాలి, ఎన్నేళ్ళకు ఇస్తున్నారో అందులో రాయించాలి, సర్పంచ్ నోటిమాట మీద పునాది తవ్వకండి. ఎవరైనా తన అసైన్డ్ భూమి, అంటే సర్కారు పేదలకు పంచిన భూమి, రాసిస్తానంటే తీసుకోకండి, 1977 చట్టం ప్రకారం ఆ బదిలీ చెల్లదు.

ప్రశ్న: మా సంఘంలో 10 మందిమి కారం, పసుపు పట్టించి ఊరి దుకాణంలో అమ్ముదామనుకుంటున్నం. మామూలు కవర్లో కట్టి ఇస్తే నడుస్తదా?
— ఒక పాఠకురాలు, ఘట్‌కేసర్

జవాబు: కవర్లో కట్టి అమ్మితే ప్యాకింగ్ కిందికే వస్తుందమ్మా. సంఘం పేరు మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే ఆహార భద్రత సంస్థ, రిజిస్ట్రేషన్ చేయించుకోండి, చిన్న వ్యాపారానికి పెద్ద లైసెన్స్ అక్కర్లేదు. కవర్ మీద పేరు, అడ్రస్, బరువు, ఎంఆర్‌పీ, ప్యాక్ చేసిన నెల, ఎప్పటిలోపు వాడాలో, ఫిర్యాదుకు ఫోన్ నంబర్, శాకాహారం ఆకుపచ్చ గుర్తు ఉండాలి. 2020లో చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం కేంద్రం తెచ్చిన పీఎంఎఫ్ఎంఈ స్కీంలో సంఘం సభ్యురాలికి 40,000 వరకు పెట్టుబడి సొమ్ము ఇచ్చే ఏర్పాటు ఉంది, ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో మండలంలో మహిళా సంఘాలను చూసే మీ ఏపీఎంను అడగండి. మిరపకాయలు సీజన్‌లోనే కొని బాగా ఎండబెట్టి పెట్టుకోండి, తేమ ఉంటే బూజు పడుతుంది, మొదటి నెల 20 కిలోలకు మించి పట్టించకండి.