చెకుముకి తుపాకీకి కాటుక

‘చెకుముకి రాయితో పేలే పాతకాలపు పొడవు రైఫిల్‌ను పూర్తిగా చేతులతోనే తయారు చేసుకోవచ్చా? ఎంత కాలం పడుతుంది?’ అని అడిగారు. చేసుకోవచ్చు. శని, ఆదివారాలు మాత్రమే పని చేస్తే నాకు 14 నెలలు పట్టింది. ఇండియా నుంచి అడుగుతున్నవారైతే ఇక్కడే ఆగండి. అక్కడ ఇది కూడా ఆయుధ చట్టం కిందికే వస్తుంది, లైసెన్సు లేకుండా చేయకూడదు.

నేనుండేది పెన్సిల్వేనియాలో, లాంకాస్టర్‌కు దగ్గర్లో. 18వ శతాబ్దంలో జర్మన్, స్విస్ వలస కుటుంబాల కమ్మరులు ఈ తుపాకీకి రూపమిచ్చింది ఈ చుట్టుపక్కలే. లోకం మాత్రం దీన్ని వేరే రాష్ట్రమైన కెంటకీ పేరుతో కెంటకీ రైఫిల్ అంటుంది. 1815లో అమెరికా, బ్రిటన్ సేనలకు జరిగిన న్యూ ఓర్లీన్స్ యుద్ధం మీద కట్టిన ఒక పాట ఆ పేరును ఊరూరా మోసింది. సొమ్మొకడిది, సోకొకడిది.

‘పూర్తిగా చేతులతోనే’ అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆనాటి లాంకాస్టర్ పనివాళ్ళే చాలామంది నిప్పు పుట్టించే లాక్‌ను ఇంగ్లండు నుంచి తెప్పించుకుని బిగించేవారు. 1960లలో వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌లో వాలెస్ గస్లర్ అనే తుపాకీ పనివాడు ఇనుప పట్టీని కడ్డీ చుట్టూ మడిచి, కొలిమిలో అతికి, గొట్టం దగ్గర నుంచి మొత్తం తానే చేసి చూపించాడు. ఆయన చెప్పుకోవచ్చు. మిగిలినవాళ్ళం గొట్టం కొంటాం, లాక్ కొంటాం, ఫొటోలు పెట్టేటప్పుడు ఆ సంగతి మరిచిపోతాం. నేనూ రెండూ కొన్నాను. నాది కొయ్య పని. నా దృష్టిలో అసలు తుపాకీ కొయ్యలోనే ఉంది, లోహం వచ్చి అందులో కూర్చుంటుంది, అంతే.

ఆ కూర్చోబెట్టడం దగ్గరే నా తాతలు దిగివచ్చారు. ఎనిమిది పలకల గొట్టం, 42 అంగుళాలు. పోనీ తిన్నగా ఉంటుందా అంటే ఉండదు. మొదట్లో లావు, నడుమ సన్నం, మూతి దగ్గర మళ్ళీ కొంచెం లావు. పులిచారల మేపుల్ కొయ్యలో దానికి గాడి తొలవాలి. గొట్టానికి మసి పూసి, గాడిలో నొక్కి, పైకి తీయాలి. కొయ్య మీద నల్లగా అంటిన చోటల్లా ఉలితో పల్చగా చెక్కాలి. మళ్ళీ మసి, మళ్ళీ నొక్కడం. ఎన్ని వందల సార్లో లెక్క పెట్టలేదు.

నాకు పని నేర్పిన మా వీధి పెద్దాయన కిరోసిన్ దీపం మసి వాడతాడు. ఆ వాసన నాకు పడలేదు. అమ్మకు ఫోను చేసి, కాటుక ఎలా పట్టేదానివని అడిగాను. ఆముదం దీపం వెలిగించి పైన ఇత్తడి పళ్ళెం బోర్లించమంది. “ఎవరికి నాన్నా, పాపాయికా?” అంది. తుపాకీకి అన్నాను. కాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రి వంటింట్లో పొగ అలారం రెండుసార్లు మోగింది, మా ఆవిడ కూడా మాట్లాడలేదు. కానీ ఆ కాటుకంత సన్నటి మచ్చ ఇంకే మసీ వేయదు. కావాలంటే పందెం కాస్తాను.

ఆరో వారంలో అంతా సరిపోయింది, గొట్టం వెనక తోక దగ్గర గోరంత మిగిలింది. భోజనానికి పిలుస్తున్నారు. ఒక్క దెబ్బతో తీసేద్దామని ఉలి మీద బలం వేశాను. కొయ్య పెళ్ళ లేచి వచ్చింది. బియ్యపు గింజంత సందు. పెద్దాయన చూసి తిట్టలేదు, నవ్వలేదు. కింద పడిన ముక్కల్లోంచి చారలు కలిసే తునక వెదికి, జిగురుతో అతికి, నన్ను ఇంటికి పొమ్మన్నాడు. ఇప్పుడు ఎవరికైనా తుపాకీ చూపించేటప్పుడు నా బొటనవేలు దానంతట అదే ఆ చోటు మీదికి వెళ్ళిపోతుంది.

ఇంకో మాట. దయచేసి ఉప్పు కాగితం ముట్టుకోకండి. అంచులన్నీ అరిగి, తుపాకీ సబ్బు బిళ్ళలా తయారవుతుంది. ఉక్కు రేకుతో గీకండి. తర్వాత ఇనుము కరిగించిన నత్రికామ్లం పూసి వేడి చూపిస్తే చారలు ఎర్రగా పైకి తేలతాయి. డబ్బాలో అమ్మే రంగు దాని కాలిగోటికి సరిపోదు. ఆమ్లం పని ఆరుబయటే, గాలికి ఎదురు నిలబడకుండా చేయాలి.

పేల్చిన రోజు సంగతి అడుగుతారని తెలుసు. మీట నొక్కాను. చెకుముకి రాయి ఉక్కు పలకను గీరింది, రవ్వలు రాలాయి (ఆ రవ్వలు రాయివి కావు, గీరితే లేచిన ఉక్కువే). లాక్‌కు ఉండే చిన్న పళ్ళెంలో మందు భగ్గుమంది. తుపాకీ మాత్రం పేలలేదు. నిప్పు లోపలికి పోయే రంధ్రం పూడుకుపోయిందట. పెద్దాయన తుపాకీ మూతిని మట్టి దిబ్బ వైపే ఉంచమని, ఒక నిమిషం ఆగి, సన్నటి తీగతో రంధ్రాన్ని పొడిచాడు. పళ్ళెంలో కొత్తగా చిటికెడు మందు పోశాం. ఈసారి పేలింది. గురి పెట్టిన అట్టకు అడుగున్నర ఎడమగా మట్టి లేచింది.

ఇక్కడ క్రిస్మస్ మర్నాటి నుంచి చెకుముకి తుపాకులతోనే జింకల్ని వేటాడే ప్రత్యేక కాలం ఉంటుంది. నేను శాకాహారిని. అట్టల మీదే కాల్చుకుంటున్నాను, ఇప్పుడు ఎడమకు జానెడే పోతోంది.